దూది పట్టిన మూల

మా మామయ్య కుడిచేతికి మూడే వేళ్లు. మిగతా రెండింటినీ పదిహేనేళ్ల కిందట ఒక ఇనుప తీగ పట్టుకుపోయింది. ఆ తీగను చవకగా దొరికిందని ఆయనే కొన్నాడు. అది తెగిన రోజున కింద బండిలో కూర్చున్నది మాత్రం వేరే మనిషి. మామయ్య రెండు వేళ్లు పోగొట్టుకుని బయటపడితే, ఆ మనిషి ఏడాదిపాటు మంచం దిగలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వించ్‌కి కొత్త తాడు ఎవరు కొంటే, దానితో లాగే మొదటి బండిలో వాళ్లే కూర్చోవాలి.

మాది బండ్లు లాగే పని. వానకి రోడ్డు దిగి పల్లంలోకి జారినవీ, బురదలో ఇరుసులదాకా దిగబడినవీ, వాటిని పైకి లాగడం. మా జీపు నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం. దాని ముందు భాగంలో వించ్ ఉంటుంది. వించ్ అంటే పెద్ద విషయమేమీ కాదు, మోటారుతో తిరిగే డ్రమ్ము, ఆ డ్రమ్ముకి చుట్టిన తాడు, తాడు చివర కొక్కెం. తాడు డ్రమ్ము మీదనుంచి బయటికి వచ్చేచోట నలుపలకల ఇనుప చట్రం ఒకటి ఉంటుంది. దాన్ని మేం మూతి అంటాం. పైన ఒకరు బటన్ నొక్కుతూ ఉండాలి. కింద బండిలో ఒకరు స్టీరింగు తిప్పుతూ, అవసరమైతే బ్రేకు తొక్కుతూ ఉండాలి. ఉత్త బండిని లాగితే అది దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది.

నేను ఈ ఇంటికి మేనల్లుణ్ణి, పైగా ఇల్లరికపు అల్లుణ్ణి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటుంది. ముక్కు మీద కాదు, ముక్కు దాటి ఎప్పుడో బయటికి వచ్చేసిందని మామయ్య అంటాడు. ఈ కథలో వాళ్లిద్దరి మాటా నిజమే.

మొన్న వానల ముందు పాత ఇనుప తీగలో పోగులు తెగి ముళ్లలా పైకి లేచాయి. చేతి తొడుగుల్లోంచి కూడా గుచ్చుకుంటున్నాయి. దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేసి సింథటిక్ తాడు కొందామన్నాడు మామయ్య. అది ఇనుప తీగకన్నా బలమైనది, బరువులో ఏడో వంతు కూడా ఉండదు, నీళ్లలో తేలుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తెగితే ఇనుపదానిలా కొరడా దెబ్బ కొట్టదు. దగ్గరున్నవాడి వేళ్లు దగ్గరున్నవాడికే మిగులుతాయి.

నేను పెద్ద షోరూములో అద్దాల వెనక పెట్టిన ఎర్రతాడు చూసి వచ్చాను. డబ్బా మీద కొండ ఎక్కుతున్న బండి బొమ్మ, బంగారు రంగు అక్షరాలు. ధర ఆ కొండ శిఖరం మీదే కూర్చుంది. అయినా అదే కొనాలని పట్టుబట్టాను.

"అందులో సగం ధర డబ్బాది" అంది మా ఆవిడ. "నేను చూస్తాను ఆగు బావా."

ఆమెకి ఆ మాట అనే హక్కు ఉంది. లారీలకి కప్పే టార్పాలిన్లు కుడుతుంది. మా ఇంటి ముందు గదిలో సగం ఆమె కుట్టుమిషనే. ఏ దారం ఎండకి నిలుస్తుందో, ఏది ఏడాది తిరక్కుండా పొడి అవుతుందో వేళ్ల మధ్య నలిపి చెప్పేస్తుంది. నాలుగు రోజులు కాలికి బలపం కట్టుకుని కొట్లన్నీ తిరిగింది. అయిదో రోజు పడవల సామాన్లు అమ్మే కొట్టుకి నన్ను కూడా లాక్కుపోయింది.

కొట్టాయన ముసలివాడు. అటక మీదనుంచి ఒక చుట్ట దించాడు. దాని రంగు చూడగానే నా ముఖం వాడిపోయింది. బురదలో పడి ఎండిన ఎలుక రంగు.

"రంగు బాలేదని ఎవరూ కొనలేదమ్మా" అన్నాడు. "అందరికీ ఎర్రది కావాలి, నీలంది కావాలి. సరుకు మాత్రం అదే. ఇదిగో, లాగి చూసిన పరీక్ష కాగితం. ఏడు టన్నులదాకా తెగలేదు."

"కాగితం ఎవరైనా రాసుకుంటారు" అన్నాను నేను.

ఆమె నన్ను పట్టించుకోలేదు. తాడు చివర విప్పి పాయలు లెక్కపెట్టింది. పన్నెండు. ఒక పాయలోంచి పోగు తీసి నలిపింది, పళ్ల మధ్య పెట్టి లాగింది, కొట్టాయన తాగే నీళ్ల చెంబులో వేసింది. తేలింది. అగ్గిపుల్ల వెలిగించి చివర కాల్చింది. మైనంలా కరిగింది. "చెంబు కడిగి ఇవ్వమ్మా" అన్నాడు కొట్టాయన. ఆమె నవ్వి కడిగి ఇచ్చింది. తర్వాత ముప్ఫై మీటర్ల చుట్ట మొత్తం నేల మీద పరిచి, ఈ చివరనుంచి ఆ చివరకి మోకాళ్ల మీద నడుస్తూ వేళ్లతో తడిమింది. ఎక్కడా అతుకు లేదు, నలిగిన చోటు లేదు. షోరూము ధరలో సగానికన్నా తక్కువకే బేరం కుదిరింది.

డబ్బు తీసుకుంటూ కొట్టాయన ఒక మాట అన్నాడు. "ఇన్నాళ్లూ ఇనుప తీగ నడిచిన మూతేనా మీది? అయితే అంచులు గాట్లు పడి ఉంటాయి. ఈ తాడుకి బరువు భయం లేదు బాబూ, పదును ఒక్కటే పడదు. ఆకురాయితో అరగదీసి, ఎమరీ కాగితంతో నున్నగా రుద్దు. తర్వాత దూది పెట్టి చుట్టూ తుడువు. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ తాడు కూడా కోసుకుంటుంది."

ఆ మాట నాతో అన్నాడు. ఎందుకంటే ఆకురాయి పట్టే పని ఇంట్లో నాది.

తాడును ఆమె ఒక్క భుజానికి తగిలించుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా నేను దాన్ని ఎలుకతోక అని వెక్కిరిస్తూనే ఉన్నాను. "తెగితే నన్నడగకు" అన్నాను. "నువ్వు కొన్నావు, నువ్వే కూర్చో."

"కూర్చుంటానులే" అంది.

ఇంత చిన్నమాటకి మనిషి ఎంత ఏడవాల్సి వస్తుందో అప్పుడు నాకేం తెలుసు.

మర్నాడు మూతి రుద్దడానికి కూర్చున్నాను. కింది అంచు లోతుగా గాట్లు పడింది. దాన్ని గంటసేపు అరగదీశాను. పై అంచు, కుడి అంచు కూడా అయ్యాయి. దూది పెట్టి తుడిస్తే జారిపోయింది. ఎడమ అంచు కూడా చాలావరకు నున్నగానే ఉంది. కింద మూలకి వచ్చేసరికి దూది పోగు ఒకటి పట్టుకుంది. తీసి మళ్లీ తుడిచాను. మళ్లీ పట్టుకుంది. ఆ మూలలోకి ఆకురాయి సరిగ్గా దూరదు. మూతిని బోల్టులు విప్పి బయటికి తీస్తే తప్ప లాభం లేదు. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. నా చేతులు అప్పటికే మండుతున్నాయి. ఆమె కొన్న ఎలుకతోక కోసం నేను చెమటోడ్చడం ఏమిటని మనసులో ఒక ఉక్రోషం. ఎప్పుడూ తిన్నగానే లాగుతాం కదా, ఆ మూలకి తాడు ఎందుకొస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

"మూతి అయిందా బావా?" అని లోపలినుంచి, మిషను ఆపకుండానే అడిగింది.

"అయింది."

"దూది పెట్టి చూశావా?"

"చూశానన్నానుగా!" అని ఒంటికాలి మీద లేచాను. దూది పెట్టి చూసిన మాట నిజమే కాబట్టి అది అబద్ధం కాదని కూడా అనుకున్నాను. ఆమె బయటికి వచ్చి చూడలేదు. మళ్లీ మిషను చప్పుడు వినబడింది. తాడు చుట్టేసి చేతులు దులుపుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. బ్రెడ్డు వ్యాను ఒకటి రాళ్ల క్వారీ పక్క రోడ్డు మీదనుంచి జారిపోయింది. మేం వెళ్లేసరికి సన్నగా వాన పడుతోంది. వ్యాను నడిపే బ్రెడ్డాయన రోడ్డు మీద తడుస్తూ నిలబడ్డాడు. చొక్కాకి పిండి అంటుకుని ముద్దలు కట్టింది. జారగానే దూకేశాడట, మోచేయి తప్ప ఎక్కడా దెబ్బ తగల్లేదు.

వ్యాను పదిహేను మీటర్ల కింద ఏటవాలులో ఉంది. ముక్కు మా వైపు, వెనక భాగం క్వారీ గుంట వైపు. వెనక చక్రం ఒకటి నరికేసిన చెట్టు మొదలుకి తట్టుకుని ఆగింది. ఆ మొదలు లేకపోతే ఈపాటికి గుంట అడుగున ఉండేది. గుంటలో ఎన్నాళ్లుగా నిలిచిన నీళ్లో, నల్లగా ఉన్నాయి.

"హ్యాండ్ బ్రేకు పని చేస్తుందా?" అని మామయ్య అడిగాడు.

"చేస్తుంది… అంటే, చదునులో చేస్తుంది" అన్నాడు బ్రెడ్డాయన. "కాలి బ్రేకు బాగానే పడుతుంది."

రోడ్డు సన్నం. జీపుని వ్యానుకి ఎదురుగా తిప్పి పెట్టే చోటు లేదు. వీలైనంత తిప్పి, వెనక భాగాన్ని చెట్టుకి గొలుసుతో కట్టాం. చక్రాల కింద దుంగలు పెట్టాం. మామయ్య వంగి చూసి, "తాడు ఎడమకి వాలుతుందిరా అల్లుడూ" అన్నాడు.

ఎడమ మూల గుర్తొచ్చింది. అక్కడ ఆగి ఆ మాట చెప్పేస్తే ఈ కథ ఇంతటితో అయిపోయేది. మూతి విప్పి మళ్లీ రుద్దేవాళ్లం, ఒక గంట ఆలస్యమయ్యేది, మామయ్య నాలుగు తిట్టేవాడు. ఒక్క బండికి ఏమవుతుందిలే అనుకున్నాను.

"పరవాలేదు మామయ్యా" అన్నాను.

ఆమె అప్పటికే చేతి తొడుగులు వేసుకుంటోంది.

"నేను కూర్చుంటాను, నువ్వు బటన్ చూడు" అన్నాను.

"నా తాడు బావా. తెగితే నిన్నడగొద్దన్నావు కదా" అని నవ్వింది. మామయ్య కూడా తల అడ్డంగా ఊపాడు. కట్టుబాటు కట్టుబాటే. కన్నకూతురైనా సరే.

కొక్కెం పట్టుకుని ఆమె దిగింది. ఒక చేత్తో గడ్డి దుబ్బులు పట్టుకుంటూ, అడుగు గట్టిగా తన్ని చూసుకుంటూ వెళ్లింది. కొక్కెం వ్యాను ముందు కడ్డీకి తగిలించి, రెండుసార్లు గుంజి చూసింది. గుంట అంచు వంపు తిరిగి ఉండడంతో డ్రైవరు తలుపు కూడా గుంట వైపే తెరుచుకుంటుంది. బండిని పట్టుకుని చుట్టూ తిరిగి, తలుపు తీసి, లోపల కూర్చుంది. తలుపు మూయలేదు. అద్దంలోంచి చెయ్యి ఎత్తింది.

బటన్ నొక్కాను. తాడు నేలమీదనుంచి లేచి బిగుసుకుంది. వ్యాను ముక్కు కాస్త ఎత్తుకుంది. వెనక చక్రం చెట్టు మొదలుని వదిలింది. ఆమె స్టీరింగు తిప్పుతోంది, వ్యాను ఆ మొదలు పక్కనుంచి పైకి జరిగింది. ఒక మీటరు. రెండు. ఇంక దాని వెనక ఆపేది ఏమీ లేదు. మొత్తం బరువు తాడు మీద ఉంది.

అప్పుడు చూశాను. మూతి దగ్గర తాడు మీద సన్నటి నూగు లేస్తోంది. చలికాలం కంబళి మీద లేస్తుందే, అలాంటిది. చూస్తుండగానే ఒక పోగు పైకి లేచి మెలితిరిగింది. దాని పక్కన ఇంకొకటి.

నిజం చెప్తున్నాను. నాకు ముందు వచ్చింది భయం కాదు. చూశావా, చెప్పానా, నాసిరకం తాడు అనే గెలుపు. ఒక్క క్షణం, కనురెప్ప కొట్టినంతసేపు, నాకు హాయిగా అనిపించింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. తర్వాత కళ్లు తాడు వెంట మూతి దాకా వచ్చాయి. తాడు ఎడమ అంచుకి ఒరుసుకుని, కింద మూలలో కూరుకుని ఉంది. సరిగ్గా దూది పట్టిన చోట. బటన్ వదిలేశాను.

వించ్ ఆగింది. వ్యాను ఏటవాలు మధ్యలో వేలాడుతూ ఆగింది.

"ఏమైందిరా?" మామయ్య దుంగ మీదనుంచి లేచాడు.

కిందనుంచి ఆమె గొంతు వచ్చింది. "ఎందుకాపావు బావా?"

"తాడు… పోగులు లేస్తున్నాయి."

వాన చప్పుడు, బ్రెడ్డాయన పళ్లు టకటకలాడే చప్పుడు. తర్వాత ఆమె అరిచింది. ఏడుపు లేదు, కంగారు లేదు, కొట్లో బేరం ఆడినట్టే అడిగింది.

"పొడుగునా లేస్తున్నాయా, మూతి దగ్గరేనా? పొడుగునా అయితే తాడే మంచిది కాదు, నేను దూకేస్తాను. చెప్పు!"

దూకడమంటే ఎటు? తెరిచి ఉన్న తలుపు గుంట వైపు ఉంది. కాలు పెట్టడానికి జానెడు తడి మట్టి. అయినా దూకుతుంది. కాళ్లు అప్పటికే బయట పెట్టింది, నాకు ఆమె చెప్పులు కనిపించాయి.

నేను నీళ్లు నమిలాను. ఆ నాలుగు క్షణాలూ నా జన్మలో మరిచిపోను. పక్కన మామయ్య ఉన్నాడు. ఏ పనీ సరిగ్గా చెయ్యనివాడి చేతిలో కూతుర్ని పెట్టానని ఆయన అనుకోకుండా పన్నెండేళ్లుగా బతుకుతున్నాను.

"దూకకు!" అని అరిచాను. "తాడు మంచిదే! మూతి దగ్గరే! ఎడమ మూల నేను రుద్దలేదు! దూది పట్టింది, వదిలేశాను! నేనే!"

కొండకి తగిలి నా మాట నాకే తిరిగి వినబడింది. మామయ్య వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

చెప్పులు లోపలికి వెళ్లాయి.

"అయితే బ్రేకు తొక్కి పట్టుకుంటాను" అంది. "మూలకి ఏదైనా అడ్డం పెట్టు. ఎంత తెగింది?"

"రెండు పాయలు. మూడోది సగం."

మామయ్య జీపు వెనకకి నడిచి, జేబులోంచి కత్తి తీసి, చక్రం వెనక వేలాడే మందపాటి రబ్బరు పలకను సర్రున కోసి పట్టుకొచ్చాడు. అది మూలలో దూరాలంటే తాడు కాసేపు వదులవ్వాలి. తాడు వదులవ్వాలంటే వ్యాను తన కాళ్ల మీద తాను నిలబడాలి.

"బాబూ, నువ్వు ఆ గునపం తీసుకో" అన్నాడు బ్రెడ్డాయనతో. "బండి వెనకకి పోకు. పక్కనే నిలబడి, ఆ రాయిని వెనక చక్రం కిందకి నెట్టు. పక్కనే. అర్థమైందా?"

బ్రెడ్డాయన వణుకుతూనే దిగాడు. గునపంతో రాయిని కదిపాడు. మొదటిసారి అది దొర్లి గుంటలోకి పోయింది. చాలాసేపటికి నీళ్ల చప్పుడు వచ్చింది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండో రాయి పెద్దది. మెల్లగా నెట్టి, చక్రం కిందకి చేర్చి, గునపంతో పొడిచి బిగించాడు.

"రబ్బరు నేను పెడతాను, నా చేతికి ఇంక పోయేదేముంది" అన్నాడు మామయ్య.

"వద్దు. నువ్వు బటన్ పట్టుకో మామయ్యా. నా చెయ్యే పెడతాను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో తిట్టు ఉందో లేదో నాకు తెలియలేదు. బటన్ తీసుకున్నాడు. మూడు వేళ్ల చేత్తో కాదు, రెండో చేత్తో.

మూతి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. తాడు నా ముఖానికి మూరెడు దూరంలో కమ్మీలా బిగుసుకుని ఉంది. లోపల ఎక్కడో టిక్కుమని ఒక పోగు తెగింది.

"వదులుతున్నానమ్మా!" మామయ్య కేక వేశాడు.

"తొక్కే ఉన్నాను నాన్నా!"

డ్రమ్ము వెనక్కి తిరిగింది. వ్యాను దిగింది. ఒక జానెడు, ఇంకో బెత్తెడు. చక్రం కింద రాయి కిర్రుమంది. ఆమె కాలి కింద బ్రేకు కీచుమని అరిచింది. వ్యాను ఆగింది. తాడు మూలలోంచి వేలెడు పైకి లేచింది. రబ్బరు పలకను ఆ సందులోకి తోశాను. తడికి జారి పక్కకి మళ్లింది. మళ్లీ తోశాను. ఈసారి వేళ్లు కూడా లోపలికి పెట్టి, మూల చుట్టూ వంచి పట్టుకున్నాను. ఇప్పుడు వ్యాను జారితే నా చేతికి ఎన్ని వేళ్లు మిగులుతాయో లెక్కపెట్టడానికి మామయ్య మూడు వేళ్లే చాలు.

"లాగు!"

చెయ్యి తీసేశాను. తాడు రబ్బరు మీద పడి దాన్ని మూలకి అదిమి పట్టుకుంది. డ్రమ్ము తిరిగింది. చిరిగిన భాగం, కోడిఈకలు పీకినట్టు ఉన్న ఆ మూరెడు తాడు, నెమ్మదిగా నా కళ్లముందునుంచి లోపలికి వెళ్లి డ్రమ్ము మీద చుట్టుకుంది. ఒక చుట్టు. దాని మీద ఇంకో చుట్టు. ఇప్పుడు బరువంతా చిరగని తాడు మీద ఉంది. తర్వాత వచ్చిన తాడు నున్నగా వచ్చింది. ఎలుక రంగులో, అంత అందమైన రంగు నేను ఎక్కడా చూడలేదు.

వ్యాను ముందు చక్రాలు రోడ్డెక్కాయి. వెనక చక్రాలు ఎక్కాయి. ఆమె బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి వెళ్లి పట్టుకుందామని లేచాను.

ఆమె నా దగ్గరకి రాలేదు. డ్రమ్ము దగ్గరకి వెళ్లి, చుట్లు విప్పుకుంటూ పోయి, చిరిగినచోట పాయలు లెక్కపెట్టింది.

"పన్నెండింట్లో అయిదు తెగాయి" అంది. తర్వాత, "తాడు మంచిదే."

అంతే. తిట్టలేదు. నేను తిట్టు కోసం ఎదురు చూశాను. తిడితే తిరిగి అరవచ్చు, అరిస్తే కాస్త తేలికపడవచ్చు. ఆ దారి కూడా మూసేసింది. బ్రెడ్డాయన మా ముగ్గురికీ తలా ఒక బ్రెడ్డు ఇచ్చాడు. ఎవరమూ తినలేదు.

ఇంటికి వస్తుంటే జీపులో మామయ్య నోరు విప్పాడు. "కట్టుబాటు తప్పురా. ఇన్నేళ్లూ తప్పే చెప్పాను. కొన్నవాళ్లు కాదు కూర్చోవాల్సింది, బిగించినవాళ్లు."

ఆ సాయంత్రమే మూతి విప్పాను. తుప్పు బోల్టులు అరగంటలో వచ్చేశాయి. అరగంట. ఆ అరగంటకి బద్ధకించాను. మూలలోకి సన్న ఆకురాయి దూర్చి అరగదీశాను, ఎమరీ కాగితం వేలికి చుట్టుకుని రుద్దాను. వేలి చర్మం లేచిపోయింది. దూది పెట్టి నాలుగు అంచులూ, నాలుగు మూలలూ, లోపలి వైపూ బయటి వైపూ తుడిచాను. ఎక్కడా పట్టలేదు. మళ్లీ తుడిచాను. ఆమె ముందు గదిలో చిరిగిన మూర కోసేసి, తాడు రెండు ముక్కల కొసలనూ కలిపి మళ్లీ అల్లుతోంది. మూతినీ దూదినీ పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టాను.

"ఒక్కసారి నువ్వు చూడు."

"అయిందా?"

"అయింది. నువ్వు చూడు."

"అయిందంటే అయినట్టే కదా బావా" అంది అల్లిక మీదనుంచి తల ఎత్తకుండా. "మొన్న కూడా నేను చూడలేదు."

తల కొట్టేసినట్టయింది. మూతి తీసుకుని బయటికి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత ఇంకో పిలుపు వచ్చింది. కట్టుబడి జరుగుతున్న చోట నీళ్ల ట్యాంకరు ఒకటి పల్లంలో దిగబడింది. పెద్ద ప్రమాదమేమీ లేదు, కింద గుంట లేదు, బురద ఒక్కటే. కొత్త కట్టుబాటు ప్రకారం నేను కూర్చోవాలి. బయల్దేరే ముందు ఒక దూది ఉండ తీసి ఆమె జేబులో పెట్టాను. ఏమిటన్నట్టు చూసింది గానీ అడగలేదు.

ట్యాంకరులో కూర్చుని అద్దంలోంచి పైకి చూశాను. అప్పుడు తెలిసింది. కింద కూర్చున్నవాళ్లకి మూతి కనబడదు. తాడు కనబడుతుంది, అది ఎక్కడో జీపు ముక్కులోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కనబడేది బటన్ పట్టుకున్న మనిషి ముఖం ఒక్కటే. ఆ రోజు వ్యానులో ఆమెకి కనిపించింది కూడా అంతే. నా ముఖం. ఆ ముఖం చూసి, నా మాట విని, దూకాలో ఉండాలో తేల్చుకుంది. రెండుసార్లు నా మాట నమ్మింది. అందులో మొదటిది అబద్ధం.

నాలుగు మూలలూ నేనే రుద్దాను. అయినా స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

పైన ఆమె మూతి పక్కనే నిలబడి ఉంది. వంగితే చాలు, చూడవచ్చు. జేబులో దూది ఉంది. చేత్తో జేబు తడుముకుంది, ఉందని గుర్తున్నట్టే ఉంది. తియ్యలేదు. నా వైపు చూసింది. నేను చెయ్యి ఎత్తాను.

ఆమె బటన్ నొక్కింది.